వినే ముఖం

పోయినవారం కథ మహిళా కళాశాల లైబ్రరీ తలుపు దగ్గర ఆగింది. లోపల, గోడకు ఆనించి, బుల్లి ఒళ్ళు హూనం చేసుకుని ఏడాదిపాటు వేసిన పెద్ద చిత్రం. దాని ముందు మెచ్చుకోలుగా తల పంకిస్తూ ప్రిన్సిపాల్ గారు. తలుపు దగ్గర, ఎవరూ పిలవకుండా వచ్చి నిలబడ్డ బుల్లి అక్క. తెల్లారితే చిత్రావిష్కరణ. అక్కను చూడగానే బుల్లికి పై ప్రాణాలు పైనే పోయాయి.

ఎందుకు పోయాయో అర్థం కావాలంటే ఆ చిత్రం గురించి కొంచెం చెప్పుకోవాలి.

దాని పేరు 'వెలుగు అందరిదీ'. పెద్దలు చెప్పారు కాబట్టి నమ్మడం కాదు, అడగాలి, పరీక్షించాలి, తెలుసుకోవాలి అని మనుషులు ధైర్యం చేసి అనడం మొదలుపెట్టిన కాలం ఒకటి ఉంది కదా. ఆ కాలపు ఆలోచన రోజూ పిల్లల కళ్ళబడుతూ ఉండాలని ప్రిన్సిపాల్ గారి కోరిక. బుల్లి ఒక గుండ్రటి బల్ల వేసింది. బల్ల మీద దీపం, గ్లోబు, చిన్న త్రాసు, వెలుగును రంగులుగా విడదీసే మూడు పలకల గాజు ముక్క. వెలుగు పైనుంచి ఎవరో దయతలచి పంపినట్టు దిగదు. బల్ల మీదే పుట్టి, చుట్టూ మూగిన ఆడవాళ్ళందరి ముఖాల మీదా ఒకేలా పడుతుంది. ఒక పిల్ల భూతద్దంలోంచి ఆకును చూస్తోంది. ఒక ముసలావిడ ఏదో అడగడానికి చెయ్యెత్తింది. అందరి నడుమ, తెరిచిన పుస్తకం పట్టుకుని ఒక నడివయసు స్త్రీ. ఆమె ముఖం దగ్గరికి వచ్చేసరికి ఎవరి చూపైనా ఆగిపోయేది.

ఆ ముఖం అక్కది. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే అక్కది. చదవడం రాని అక్కది.

బడికి పంపలేదని కాదు. పంపారు. కానీ అక్షరాలు ఆమె కళ్ళముందు కుదురుగా నిలబడేవి కావు. ఒకదాని మీదికొకటి ఎక్కేవి, అటువి ఇటు తిరిగేవి. అదొక ఇబ్బంది అని, దానికో పేరుందని, నేర్పే పద్ధతి వేరే ఉందని అప్పట్లో ఇంట్లోగానీ బడిలోగానీ ఎవరికీ తెలియదు. మొద్దు అన్నారు. అనీ అనీ చివరికి ఆమెను కూడా ఒప్పించారు. ఈ సంగతి ఇప్పుడు తెలిసినవాళ్ళు బుల్లీ, బావా మాత్రమే. లాండ్రీలో తోటివాళ్ళకు కూడా తెలియదు.

చిత్రం సగంలో ఉండగా ప్రిన్సిపాల్ గారు ఒకసారి వచ్చి, "ఎవరమ్మా ఈవిడ? చదువుకున్న కళ ముఖంలో ఎలా ఉట్టిపడుతోందో చూడు!" అన్నారు. "తెలిసిన టీచరండీ" అనేసింది బుల్లి. నోరు జారిన మాట కాదు అది. తూచి చూసుకుని అన్న మాట. అప్పటినుంచీ అక్క బొమ్మ చూస్తానన్నప్పుడల్లా "ఇంకా అవలేదక్కా" అంటూ నెట్టుకొచ్చింది. ఇవాళ అక్క, సెలవు పెట్టి, తనే వచ్చేసింది.

"అరే, బొమ్మలో మనిషి దిగి నడిచొచ్చినట్టుందే!" ప్రిన్సిపాల్ గారు గబగబా ఎదురెళ్ళారు. "రండి, రండి టీచర్ గారూ! మీ గురించి వినడమేగానీ చూడడం ఇదే."

అక్క వెనక్కి తిరిగి చూసింది, తన వెనక ఎవరో టీచరు వస్తోందేమోనని. ఎవరూ లేరు. అప్పుడు బుల్లి వైపు చూసింది.

బుల్లి బ్రష్షు తుడుస్తోంది. అది ఎప్పుడో శుభ్రమైపోయింది. అయినా తుడుస్తూనే ఉంది. మా అక్కండీ అనడానికి ఎంతసేపు పడుతుంది? ఆ మాట గొంతు దాకా వచ్చింది. వచ్చి, ప్రిన్సిపాల్ గారి ముఖంలో సంబరం చూసి, వెనక్కి వెళ్ళిపోయింది.

అక్క కాసేపు చెల్లెలి చేతుల్నే చూసింది. తర్వాత మెల్లిగా, "నమస్కారమండీ" అంది.

"ఏ క్లాసులకి చెప్పేవారు?"

"చిన్నపిల్లలకండీ." కాస్త ఆగింది. "పిల్లలనేం లెండి, ఒక్కత్తే పిల్ల. ఎత్తుకుని తిప్పాను, జడలేశాను, మాటలు నేర్పాను. అదీ సరిగ్గా వంటబట్టలేదు."

ప్రిన్సిపాల్ గారు పకపకా నవ్వారు. "మంచి టీచర్లందరూ ఇలాగే అంటారండీ! ఒక్కరూ నాకొచ్చని ఒప్పుకోరు."

బుల్లి చెవులు కాలిపోతున్నాయి. నవ్వాలో, నేలలోకి కుంగిపోవాలో తెలియక బ్రష్షును డబ్బాలో పడేసింది.

అంతటితో అయిపోయినా బాగుండేది. ప్రిన్సిపాల్ గారికి ఉత్సాహం ఎక్కువ. బీరువాలోంచి ఒక లావుపాటి పుస్తకం తీసి అక్క చేతిలో పెట్టారు. చిత్రం పక్కన నిలబెట్టారు. ఫోను పైకెత్తి, "అచ్చం బొమ్మలోలాగే. ఆ, పుస్తకం తెరవండి. ఊరికే చూడ్డం కాదు, రెండు ముక్కలు చదవండి. చదువుతుంటే ముఖం సహజంగా వస్తుంది" అన్నారు.

"కళ్ళజోడు తేలేదండీ."

ఆ జవాబు అక్క దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. బ్యాంకులో, బస్టాండులో, మందుల షాపులో, ఎక్కడ ఎవరు కాగితం చేతికిచ్చినా అదే. ఇన్నేళ్ళూ ఆ మాట ఆమెను కాపాడుతూ వచ్చింది.

"అదెంత పని! నావి పెట్టుకోండి." ప్రిన్సిపాల్ గారు తన కళ్ళజోడు తీసి, రుమాలుతో అద్దాలు తుడిచి మరీ అందించారు. "ఈ వయసులో అందరివీ ఒకే కళ్ళు."

అక్క పెట్టుకుంది. పుస్తకంలోకి చూసింది. అక్క మెడ దగ్గర ఎరుపు మొదలై చెంపల దాకా పాకడం బుల్లి చూసింది. పేజీ మీద పెట్టిన వేలు కదలడం లేదు. ఇప్పుడు చెప్పు, ఇప్పుడైనా చెప్పు అని లోపలినుంచి ఎవరో తోస్తున్నారు. బుల్లి మాత్రం అక్కే తనను కాపాడుతుందని ఎదురుచూస్తూ నిలబడింది. ఎదురుచూస్తున్నానని తెలిసి కూడా నిలబడింది.

"ఈ అద్దాలు నాకు పడలేదండీ. కళ్ళు తిరుగుతున్నాయి." అక్క కళ్ళజోడు తీసి ఇచ్చేసింది. పుస్తకం మూసి బల్ల మీద పెట్టింది. ఆ తర్వాతే మొదటిసారి చిత్రం వైపు తిరిగింది. దగ్గరికి వెళ్ళి, పైనుంచి కింద దాకా, దుప్పటి మీద మరకలు వెతికినంత నిదానంగా చూసింది.

"ఆవిడ పట్టుకున్న పుస్తకంలో ఏం రాసుందండీ?"

ప్రిన్సిపాల్ గారు వంగి చూశారు. గ్లోబు మీద సముద్రాల పేర్లున్నాయి. బల్ల మీద పుస్తకాల అట్టల మీద పేర్లున్నాయి. భూతద్దం పిల్ల దగ్గరున్న పలక మీద కూడా ముత్యాల్లాంటి అక్షరాలున్నాయి. బొమ్మలో అక్క పట్టుకున్న పుస్తకంలో మాత్రం చీమలబారుల్లాంటి గీతలు.

"ఇదేంటమ్మా, ఇందులో అక్షరాల్లేవు? మిగతావాటికి ఇంత శ్రద్ధగా రాశావే!"

"కొంచెం పని మిగిలుంది మేడమ్..." అంది బుల్లి. అబద్ధం. చిత్రం మీద వార్నిష్ కూడా ఆరిపోయింది. ఆ పేజీ వేసేటప్పుడు తను కావాలని అలా చేయలేదు. ఏ ఆలోచనా రాలేదు, అంతే. అక్కకు పుస్తకం ఇచ్చి, అందులో ఏముండాలన్న ఆలోచన కూడా తనకు రాలేదు. ఆ రాకపోవడమే ఇప్పుడు ముఖం మీద ఉమ్మినట్టుగా ఉంది.

"సరేలే, చూద్దాం," అన్నారు ప్రిన్సిపాల్ గారు. అక్క వైపు తిరిగి, "రేపు మా పిల్లల ముందు ఒక చిన్న పాఠం చదవాలి మీరు. బుద్ధి గురించి, చదువు గురించి నేనే రాశాను. బొమ్మలో మనిషే వచ్చి చదివితే పిల్లలు జన్మలో మర్చిపోరు. కాదనకూడదు" అన్నారు.

బుల్లి అక్క వైపు చూసింది. అక్క కాదంటుంది, ఒంట్లో బాగాలేదనో, ఊరెళ్తున్నాననో అంటుంది.

"వస్తానండీ," అంది అక్క.

బస్టాపు దాకా అక్క ముందు నడిచింది, బుల్లి వెనక. రోడ్డుకు అడ్డంగా తవ్విన గుంట పక్కనుంచి వెళ్ళేటప్పుడు మాత్రం అక్క అలవాటుగా చెయ్యి వెనక్కి చాపింది, అంతలోనే తీసేసుకుంది.

"అక్కా, నీ కోసమే అలా చెప్పాను. నిజం. నీ గురించి అడగడం మొదలుపెడితే ఎంత చదివావు, ఎక్కడ చదివావు అని అడుగుతారు. అప్పుడు నీకు కదా నామోషీ."

"చదువు రాదని చెప్పమన్నానా నిన్ను?" అక్క గొంతు పెంచలేదు. "అది నా బాధ, నేను పడతాను. మా అక్క అనడానికేం పుట్టింది? అక్క అంటే సర్టిఫికెట్లు చూపించమంటారా?"

బుల్లి చెప్పు మొనతో రోడ్డు మీది మట్టి గీకింది.

"నీ బొమ్మలో పెట్టుకోడానికి పనికొచ్చాను. నీ పక్కన నిలబడ్డానికి పనికిరాలేదు." అదే గొంతుతో, "అదిగో, బస్సొచ్చింది. ఎక్కు" అంది.

ఇంట్లో బావ అప్పుడే ఆసుపత్రినుంచి వచ్చి చెప్పులు విప్పుతున్నాడు. లిఫ్టు నడుపుతాడాయన. రోజంతా నలుగురినీ పైకీ కిందికీ తిప్పుతూ కబుర్లు చెప్పే మనిషి, ఇంటికొచ్చినా ఆ ధోరణి ఆగదు.

"ఏమ్మా బుల్లీ, బొమ్మ చూపించావా? మీ అక్కని అందంగా వేశావా, లేక ఉన్నదున్నట్టు వేశావా?"

అక్క చెప్పులు విప్పి గోడవార పెట్టింది.

"కాస్త మర్యాదగా మాట్లాడండి," అంది అక్క. "నేనిప్పుడు టీచర్ని." అని లోపలికి వెళ్ళిపోయింది.

బావ ముందు నవ్వబోయాడు. బుల్లి ముఖం చూసి ఆగాడు. అడిగాడు. బుల్లి చెప్పింది, నేల మీద ఒక పగులును చూస్తూ, ముక్కలు ముక్కలుగా. విన్నంతసేపూ ఆయన రెండో చెప్పు విప్పడం మర్చిపోయాడు.

"పెళ్ళిచూపుల నాడు మీ అక్క నాతో అన్న మొదటి మాట ఏంటో తెలుసా?" అన్నాడు చివరికి. "నాకు చదవడం రాదు, ముందే చెప్తున్నాను, ఇష్టమైతేనే ఒప్పుకోండి అంది. తలొంచుకోలేదు. నా కళ్ళలోకి చూసి అంది. మనిషంటే ఇదీ అనుకున్నాను నేను." చెప్పు విప్పి పక్కన పెట్టాడు. "ఇవాళ నువ్వది తలొంచుకోవాల్సిన సంగతేనని తేల్చేశావమ్మా."

బావ కోప్పడి ఉంటే తేలిగ్గా ఉండేది. ఆయన లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

లోపల అక్క తీగ మీంచి తీసిన బట్టలు మడతపెడుతోంది. బుల్లి ఎదురుగా కూర్చుని ఒక తువ్వాలు అందుకుంది. అక్క వద్దనలేదు.

"ఒకటి చెప్పనా?" అంది అక్క. "అది చదివే ముఖం కాదే."

"ఏది?"

"నువ్వు వేసింది. చదివేవాళ్ళు కళ్ళు కిందికి దించుతారు. దానికి పుస్తకం మీద చూపే లేదు. తలెత్తి ఎవరి నోటివైపో చూస్తోంది." అక్క చేతిలో మడత ఆగింది. "చిన్నప్పుడు నువ్వు మేడమెట్ల మీద కూర్చుని గట్టిగా పాఠం చదివేదానివి. నేను కింద మెట్టు మీద కూర్చునేదాన్ని. ఆ ముఖమే అది. అది వినే ముఖం. నీకు అంత గుర్తుండబట్టే అంత బాగా వచ్చింది. వచ్చాక, అలా వట్టి చేతుల్తో ఉంటే బాగోదని ఒక పుస్తకం పెట్టేశావు."

బుల్లికి కళ్ళముందు చిత్రం కదిలింది. నిజమే. ఏడాది పొడుగునా ఆ ముఖం వేసింది తను. అది ఏం చేస్తోందో తనకే తెలియలేదు.

"భూమి బంతిలా ఉంటుందని ఓరోజు చదివావు," అక్క చెప్పుకుపోతోంది. "మరి కింద వైపున్న వాళ్ళు జారి పడిపోరా అని అడిగాను. నీకూ తెలియలేదు. మర్నాడు బళ్ళో మీ టీచర్ని అడిగావు. మంచి ప్రశ్న అని క్లాసంతా చప్పట్లు కొట్టించిందట ఆవిడ. అప్పుడు నువ్వేమన్నావో గుర్తుందా? ఇంటికి పరిగెత్తుకొచ్చి మరీ చెప్పావు నాకు. 'ఆ ప్రశ్న నాది కాదు టీచర్, మా అక్కది' అన్నావట, అందరి ముందూ."

బుల్లి ఒళ్ళో తువ్వాలు నలిగిపోయింది.

"ఇంతున్నావప్పుడు. ఏ భయమూ లేదు. ఇప్పుడేమైందే నీకు?"

బుల్లి ఏడ్చింది. కాసేపటికి ముక్కు తుడుచుకుని లేచింది. "ఇప్పుడే వెళ్ళి ఆ పుస్తకం చెరిపేస్తాను. మేడమ్‌కి ఫోన్ చేసి అంతా చెప్పేస్తాను."

"బొమ్మ జోలికి పోకు. అది నీ ఒక్కదానిదీ కాదు, ముఖం నాది." అక్క మడతలన్నీ ఒకదాని మీదొకటి పేర్చింది. "ఫోన్లో చెప్తే ఎవరికి వినిపిస్తుంది? నలుగురిలో దాచింది నలుగురిలోనే చెప్పాలి."

"మరి రేపు నువ్వు..."

"నేను వస్తానని మాటిచ్చాను. వస్తాను."

అక్క వద్దన్నా బుల్లి వాకిట్లోకి వచ్చి ఫోన్ చేసింది. ఒకసారి మోగగానే ప్రిన్సిపాల్ గారు ఎత్తారు. "నీకు నూరేళ్ళమ్మా! ఇప్పుడే హాస్టల్ పిల్లలకి మీ టీచర్ గారి గురించి చెప్తున్నాను. రేపు ఆవిడ కోసం ముందు వరుసలో కూర్చుంటామని కొట్టుకుంటున్నారు. ఏంటమ్మా, ఏదో చెప్పబోయావు?"

వాకిలి అవతల ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు.

"ఏం లేదు మేడమ్. రేపు కాస్త ముందే వస్తానని..."

పెట్టేసింది. ఇంతకంటే కిందికి దిగలేనని ఇందాక లైబ్రరీలో అనుకుంది. దిగగలదని ఇప్పుడు తెలిసింది.

మర్నాడు కాలేజీ హాలు కిటకిటలాడిపోయింది. అక్క ఉతికి ఇస్త్రీ చేసిన బట్టల్లో, బావ పక్కన, నిటారుగా కూర్చుంది. బుల్లి కుర్చీ మరో వరుసలో, చివర. లైబ్రరీలోంచి వేదిక మీదికి తెచ్చిన చిత్రం మీది తెర జారగానే పిల్లలు ఒక్కసారిగా "హా" అన్నారు. ఆ తర్వాత చప్పట్లు. ఏ చిత్రకారిణి అయినా ఆ చప్పట్ల కోసమే బతుకుతుంది. బుల్లికి అవి ఎవరో తలుపు బాదుతున్నట్టు వినిపించాయి.

ప్రిన్సిపాల్ గారు మైకు దగ్గర చాలా బాగా మాట్లాడారు. ఏ మనిషి బుద్ధీ మరో మనిషి బుద్ధికి తీసిపోదన్నారు. దీపం ఎవరి ముఖమూ చూసి వెలగదన్నారు. "ఇప్పుడు ఈ చిత్రానికి ప్రాణమైన టీచర్ గారు మనకోసం చదువుతారు" అని కాగితం చాపారు.

అక్క వేదిక ఎక్కింది. కాగితం అందుకుంది. దాన్ని ఒకసారి చూసి, మైకుకు మరీ దగ్గరగా జరిగింది. మొదటి మాట హాలంతా గుయ్యిమంది. కాస్త వెనక్కి జరిగి మళ్ళీ మొదలుపెట్టింది.

"నేను టీచర్ని కాదమ్మా. ఆసుపత్రిలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తాను. నాకు చదవడం రాదు."

వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వి, నవ్వు మింగేశారు. అక్క చేతిలో కాగితాన్ని పైకెత్తి చూపించింది.

"చదవడం రాదుగానీ వినడమంటే నాకు చిన్నప్పట్నుంచీ ఇష్టం. ఇందులో ఏముందో వినాలనుంది. చదివి వినిపించే మనిషి ఇక్కడే ఉంది. ఈ బొమ్మ వేసింది ఆవిడే. అదుగో, ఆ చివర తలొంచుకుని కూర్చుంది. వీళ్ళకి నేను టీచర్నని చెప్పింది కూడా ఆవిడే." అక్క ఊపిరి తీసుకుంది. "నేను తనకేమవుతానో మీరే అడగండి."

హాల్లో తలలన్నీ ఒకేసారి తిరిగాయి. ప్రిన్సిపాల్ గారి ముఖం పాలిపోయింది. ఆవిడ అక్కను చూశారు, చిత్రంలో ముఖాన్ని చూశారు, బుల్లిని చూశారు. తర్వాత మైకును స్టాండులోంచి తీసి, వేదిక మెట్లు దిగి, ఒక్కొక్క వరుసే దాటుకుంటూ వచ్చారు. కళ్ళలో కోపం కనిపించి ఉంటే బుల్లి తట్టుకునేది. అక్కడున్నది ప్రశ్న.

బుల్లి లేచి నిలబడింది. ముందున్న కుర్చీ అంచును గట్టిగా పట్టుకుంది. బావ అటు తిరగలేదు, తన చేతుల వంక చూసుకుంటున్నాడు. వేదిక మీద అక్క తలెత్తి, బుల్లి నోటి వంకే చూస్తోంది.

మైకు పెదవుల దగ్గరికి వచ్చింది. బుల్లి ఊపిరి హాలంతా వినిపించింది.

"ఆవిడ..." అంది బుల్లి.